బీటిల్స్ బాణీలో రెండు తెలుగు పాటలు: నల్లగొండ రికార్డింగ్ డైరీ

ఫిబ్రవరి, మొదటి వారం

చేస్తున్నది రెండు పాటలు. మొదటిది ఇంగ్లండు రాక్ బ్యాండు బీటిల్స్ 1964 నాటి పద్ధతిలో, రెండున్నర నిమిషాలు దాటకుండా. రెండోది 1967 నాటి పద్ధతిలో, నాలుగు నిమిషాల దాకా. మాటలు, బాణీ కొత్తవి. యాస నల్లగొండది. రికార్డింగు కూడా ఇక్కడే, పానగల్లు రోడ్డు వైపు ఒక స్లాబు ఇంటి వెనక గదిలో.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లున్నారు. పని మొదలుపెట్టే ముందు వాళ్ల రికార్డులు విని నోట్సు రాసుకున్నాం. న్యూజెర్సీ బ్యాండు నిక్కర్‌బాకర్స్ 1965 చివర్లో ‘లైస్’ విడుదల చేస్తే చాలామంది బీటిల్సే అనుకున్నారు. 1966 మొదట్లో అది అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 20వ స్థానానికి చేరింది. అక్కడ పనిచేసింది కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) కంటే ఎక్కువగా గొంతు. బీటిల్స్ గాయకుడు లెనన్ గట్టిగా అరిచేటప్పుడు వినిపించే లాంటి గరగర, వెనక నుంచి జవాబిచ్చే గొంతులు, ఊపిరి తీసుకోనివ్వని ఊపు. కెనడా బ్యాండు క్లాటూ 1976లో తొలి ఆల్బమ్ మీద సభ్యుల పేర్లు వేయలేదు. అమెరికాలో దాన్ని విడుదల చేసింది బీటిల్స్ రికార్డులు వేసిన కాపిటల్ కంపెనీయే. మరుసటి ఏడాది ‘బీటిల్సే మారుపేరుతో మళ్లీ కలిశారు’ అని పుకారు లేచింది. టాడ్ రండ్‌గ్రెన్ బ్యాండు యుటోపియా 1980లో ‘డిఫేస్ ద మ్యూజిక్’ అని ఏకంగా ఒక ఆల్బమే ఈ పని మీద చేసింది. టియర్స్ ఫర్ ఫియర్స్ 1989లో చేసిన ‘సోయింగ్ ద సీడ్స్ ఆఫ్ లవ్’ అమెరికాలో 2వ స్థానం దాకా పోయింది. 1967 ధోరణిని 1989 నాటి స్టూడియోలో ఎలా కట్టాలో తెలియాలంటే అంతకంటే మంచి పాఠం లేదు.

ఈ పాటలన్నీ విన్నాక మాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. పోలిక వచ్చేది కోటు, జుట్టు, గిటారు కంపెనీ వల్ల కాదు. అప్పటి స్టూడియోలో ఉన్న ఇబ్బందుల వల్ల. 1963 అక్టోబరు దాకా బీటిల్స్ చేతిలో ఉన్నవి రెండు ట్రాకులే (విడివిడిగా రికార్డు చేసుకునే వరసలు), ఆ తర్వాత నాలుగు. ఆ ఇరుకులో తీసుకున్న నిర్ణయాలే ఆ శబ్దం. అందుకే మా సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని ట్రాకులైనా తెరవగలిగినా నాలుగే తెరుస్తున్నాం. నాలుగూ నిండితే కలిపి ఒక ట్రాకుగా దించి, మిగతా మూడు ఖాళీ చేసి ముందుకు పోవాలి. దించాక డ్రమ్స్ పెంచాలనిపించినా కుదరదు. పాత ఫైళ్లు వేరే డ్రైవులో భద్రంగా ఉంటాయి, కానీ తెరవం.

ఫిబ్రవరి, మూడో వారం: బాణీ

మొదటి పాట శ్రుతి జి మేజర్, అంటే మన ‘స’ ఇక్కడ జి. చరణం కార్డులు: జి, బి మైనర్, సి, సి మైనర్, మళ్లీ జి. దీని ప్రాణమంతా నాలుగో కార్డులో ఉంది. మేజర్ పాటలో నాలుగో స్థానపు (మధ్యమం మీద కట్టిన) కార్డు ఉన్నట్టుండి మైనర్ అయిపోవడం బీటిల్స్ పాటల్లో పదే పదే వినిపిస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే శంకరాభరణంలో నడుస్తున్న పాట ఒక్క బార్ (నాలుగు బీట్ల కొలత) పాటు సరసాంగిలోకి వెళ్లి వస్తుంది. చతుశ్రుతి ధైవతం పోయి శుద్ధ ధైవతం వస్తుంది, అది పంచమానికి దిగుతుంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఒకే వాక్యంలో రెండు ధైవతాలు వెంటవెంటనే రావడం ఇబ్బందిగా ఉంటుంది. గొంతు తెలియకుండానే రెంటినీ కలిపి జారుస్తుంది. జారకూడదు. మెట్టు మీద మెట్టు దిగినట్టు విడివిడిగా వినపడాలి.

ఈ కార్డుల మీద కింది గొంతుకు ఇచ్చిన వరస: స, కాకలి ని, చతుశ్రుతి ధ, శుద్ధ ధ, ప. పై గొంతు మాత్రం మొదటి నుంచి చివరి దాకా పై పంచమం మీదే నిలబడుతుంది. 1963 నాటి ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ మొదట్లో రెండో గాయకుడు మెకార్ట్నీ ఒకే స్వరం పట్టుకుని ఉంటే లెనన్ కిందికి దిగుతాడు. ఆ సూత్రమే ఇది, వరస మాత్రం వేరు. సి మైనర్ దగ్గర పై గొంతులో డి, కింది గొంతులో ఇ ఫ్లాట్ ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. ఆ కరుకు ఒక బార్ పాటు ఉండి, జి రాగానే రెండు గొంతులూ అష్టమంలో (కింది ప, పై ప మధ్య ఉండే దూరంలో) కలిసిపోతాయి. వినగానే ‘ఇక్కడ ఏదో తప్పు పోయింది’ అనిపించి దాన్ని సరిచేయబోతారు. సరిచేస్తే పాట ఉత్త భక్తిగీతం హార్మొనీ అవుతుంది.

మిడిల్ ఎయిట్, అంటే పాట మధ్యలో వేరే బాణీతో వచ్చే భాగం, డి మైనర్‌తో మొదలవుతుంది. ఐదో స్థానంలో మేజర్ రావలసిన చోట మైనర్ వచ్చి కైశికి నిషాదం వినిపిస్తుంది, పాట కాసేపు ఇల్లు మారినట్టుంటుంది. ‘ఫ్రమ్ మీ టు యూ’, ‘ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్’ రెండూ మిడిల్ ఎయిట్‌లోకి ఇలాగే పోతాయి. మా వరస డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి, ఎ సెవెన్, చివర డి ఆగ్మెంటెడ్. ఆ చివరి కార్డులో సాధారణ గాంధారం ఉంటుంది. అక్కడి నుంచి అర మెట్టు ఎక్కితే జి కార్డులోని అంతర గాంధారం. చెవి దాని కోసం ఎదురుచూస్తుంది కాబట్టి చరణం తిరిగి రావడం హాయిగా ఉంటుంది. పాట ముగింపులో ఇ ఫ్లాట్, ఎఫ్, జి వరసగా పైకెక్కి, ఆఖరి జి మీద ధైవతం కలిపి సిక్స్త్ కార్డుగా వదిలేస్తాం.

కార్డుల వరస వాడుకోవడం వేరు, బాణీ ఎత్తుకోవడం వేరు. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ 1970లో చేసిన ‘మై స్వీట్ లార్డ్’ మీద 1976లో అమెరికా కోర్టు ఇచ్చిన తీర్పు ఈ పని చేసే ప్రతివాళ్లూ చదవాలి. 1963 నాటి ‘హీ ఈజ్ సో ఫైన్’ బాణీ ఆయనకు తెలియకుండానే మనసులోంచి వచ్చేసిందని, తెలియకపోయినా అది కాపీయేనని కోర్టు తేల్చింది. నీల్ ఇన్నెస్ 1978లో బీటిల్స్‌ను అనుకరించే హాస్య బ్యాండు రట్ల్స్ కోసం బీటిల్స్‌ను అచ్చంగా తలపించే పాటలు కట్టినందుకు, బీటిల్స్ పాటల హక్కులున్న సంస్థతో రాయల్టీలో వాటా పంచుకోవలసి వచ్చింది. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం కింద భావానికి హక్కు లేదు, దాన్ని చెప్పిన రూపానికి ఉంది. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. ఆ కేసు ఒక నాటకం, ఒక సినిమా మధ్య నడిచినా, పాటలు కట్టేవాళ్లకూ అదే గీత.

అందుకని రికార్డింగు మొదలుపెట్టక ముందే పరీక్ష. బాణీని కార్డులు లేకుండా, మాటలు లేకుండా ‘లా లా’ అని పాడి ఫోనులో తీసి, బీటిల్స్ బాగా విన్నవాళ్లకు వినిపించాలి. బ్యాండు పేరు చెప్తే పాసు. పాట పేరు చెప్తే ఆ రెండు బార్లు మార్చాలి. మా మిడిల్ ఎయిట్ రెండో బార్ దగ్గర ఇద్దరు వేర్వేరుగా ఒకే పాట పేరు చెప్పారు. అక్కడ పైకెక్కే వరసను తిప్పి ‘ని ప మ గ’ అని దించితే ఆ గుర్తు పోయింది, కార్డు మార్చవలసిన పని పడలేదు. కార్డులతో కలిపి వినిపిస్తే ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే కార్డులే బీటిల్స్ అనిపించి బాణీ మీద చెవి పడనివ్వవు.

మార్చి: మాటలు

ఇంగ్లీషులో ఒక్క అక్షరం పలుకులు ఎక్కువ. తెలుగులో మాట పొడుగు, చివర అచ్చు. అందుకే తెలుగు రాక్ పాటలు చాలావరకు బీట్ వెనక పరిగెత్తుతున్నట్టుంటాయి. ఇక్కడ నల్లగొండ యాస మా పని సగం చేసిపెట్టింది.

బార్‌కు 8 అర బీట్లు, లఘువుకు ఒకటి, గురువుకు రెండు అని పెట్టుకున్నాం. ‘నువ్వు వస్తావా’ అంటే 9 మాత్రలు, బార్‌లో పట్టదు. సంధి చేసి ‘నువ్వొస్తావా’ అంటే సరిగ్గా 8, ఊపిరికి చోటు లేదు. ‘నువ్వొస్తవా’ అంటే 7. మిగిలిన ఒక మాత్రలో గాయకుడు ఊపిరి తీసుకుంటాడు. పైగా ‘వొస్’ అన్న గురువు సరిగ్గా స్నేర్ డ్రమ్ము పడే రెండో బీట్ మీద కూర్చుంటుంది, ‘వా’ నాలుగో బీట్ కంటే అర బీట్ ముందే లేస్తుంది. ఆ ముందు లేవడమే 1964 నాటి ఊపు.

పల్లవి ఇలా వచ్చింది:

చెప్పు చెప్పు, నువ్వొస్తవా
రేపు మల్ల నువ్వొస్తవా

‘చెప్పు చెప్పు’ 3, 3. మిగిలిన 2 మాత్రలు ఖాళీ. ఆ ఖాళీలోనే నాలుగో బీట్ పడుతుంది, అక్కడ చప్పట్లు. ‘రేపు మల్ల’ కూడా అదే కొలత. ఈ 3, 3, 2 నడక మనకు కొత్త కాదు, డప్పు మీద రోజూ వినేదే. అయినా డప్పు ఈ పాటలో పెట్టడం లేదు. డప్పు మోగిన క్షణం చెవి బీటిల్స్‌ను వదిలి మన వీధిలోకి వచ్చేస్తుంది. ఆ పాట కూడా చేయదగిందే, కానీ అది వేరే ప్రాజెక్టు. సితార్ కూడా ఈ కారణానికే వద్దనుకున్నాం. లండన్‌లో 1965లో సితార్ కొత్త శబ్దం, మన శ్రోతకు అది సినిమా పాట.

మార్చి, చివరి వారం: గది, కరెంటు

గది 12 అడుగులు, 14 అడుగులు. టైల్స్ నేల, సున్నం గోడలు. చప్పట్లు కొడితే టక్కుమని తిరిగొస్తుంది. రెండు గోడలకు బొంతలు వేలాడదీశాం, గోడకు ఆనించకుండా నాలుగు అంగుళాలు ఎడంగా. ఆనిస్తే పై శబ్దం మాత్రమే చస్తుంది, గొంతులోని మధ్య స్థాయి అట్లనే మోగుతుంది. నేల మీద జంపఖానా. మూడో గోడను కావాలనే ఖాళీగా వదిలాం. గది పూర్తిగా చచ్చిపోతే డ్రమ్స్ అట్ట పెట్టె మీద కొట్టినట్టుంటాయి.

గిటార్ ఆంప్‌లో గుయ్ మనే 50 హెర్ట్జ్ మోత మొదటి శత్రువు. ఎండాకాలంలో ఇక్కడి నేల ఎండిపోతుంది, ఎర్త్ గుంత పనిచేయదు. మల్టీమీటరుతో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య కొలిస్తే 2, 3 వోల్టులు దాటకూడదు. దాటితే ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు సరిచూసి, రెండు బకెట్ల నీళ్లు పోసి మళ్లీ కొలవాలి. ఎర్త్ పిన్ను తీసేస్తే మోత తగ్గవచ్చు, కానీ మైకు పెదవికి తగిలినప్పుడు షాకు కొట్టేది అప్పుడే. ఎర్త్ పిన్ను తీయవద్దు. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద రికార్డు చేయడం దండగ, గిటార్ పికప్పులు ఆ బుసబుసను మొత్తం పట్టేస్తాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిపి, ఇంటర్‌ఫేస్ (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె) దాన్నుంచే నడిచేటట్టయితే గొంతులు మాత్రం చేసుకోవచ్చు.

రాత్రి పదకొండు తర్వాతే టేకులు. పక్కింటి బోరు మోటర్లు, బస్సుల హారన్లు అప్పటికి ఆగుతాయి. ఫ్యాను ఆపాల్సిందే.

ఏప్రిల్: డ్రమ్స్, బాస్, గిటార్లు

డ్రమ్స్‌కు రెండు మైకులే. ఒకటి పైన, స్నేర్‌కు, ఫ్లోర్ టామ్‌కు సమాన దూరంలో, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున. ఇంకోటి బాస్ డ్రమ్ ముందు అడుగు దూరంలో. రెండూ పెట్టాక ఒకదాని పోలారిటీ (శబ్ద తరంగం దిశ) తిప్పి చూడాలి, ఎటు తిప్పితే బాస్ డ్రమ్ నిండుగా వినిపిస్తే అటే ఉంచాలి. తర్వాత గట్టి శబ్దాన్ని నొక్కే కంప్రెసర్: అటాక్ (నొక్కడానికి పట్టే సమయం) ఎంత తక్కువ కుదిరితే అంత, రిలీజ్ (వదలడానికి పట్టే సమయం) 0.3 సెకను, సూది 8 నుంచి 10 డెసిబెళ్లు కిందికి దిగేటట్టు. ఇది బీటిల్స్ రికార్డు చేసిన లండన్ స్టూడియో అబ్బే రోడ్డులోని ఫెయిర్‌చైల్డ్ 660 లిమిటరు అతివేగపు అమరికకు దగ్గరగా ఉంటుంది. ఇంత నొక్కితే సింబల్ (డ్రమ్స్ సెట్టులోని ఇత్తడి పళ్లెం) లేచి పాటను మింగేస్తుంది. దానికి మందు సాఫ్ట్‌వేర్‌లో లేదు, డ్రమ్మర్ చేతిలో ఉంది: సింబల్ మెల్లగా, స్నేర్ గట్టిగా.

మన ఆర్కెస్ట్రాల్లో ఆక్టోపాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ పలక) వాయించే చేతులు ఎక్కువ. పాడ్ మీద హై-హ్యాట్ (కాలితో తెరిచి మూసే జంట పళ్లేలు) ఒకేలా మోగుతుంది. 1964 పాటకు కావలసింది సగం తెరిచిన హై-హ్యాట్, కర్ర పక్కవాటుగా ఊగుతూ ‘ష్ ష్’ మని కొట్టుకుపోవాలి. బీటిల్స్ డ్రమ్మర్ రింగో ఎడమచేతి వాటం మనిషి, కుడిచేతి వాటం సెట్టు మీద వాయించేవాడు. అందుకే ఆయన ఫిల్స్ (పాట మలుపుల్లో వేసే చిన్న డ్రమ్ ముక్కలు) కాస్త ఆగి, అనుకోని చోట నుంచి మొదలవుతాయి. కుడిచేతి డ్రమ్మర్‌కు చిట్కా: ప్రతి ఫిల్ ఎడమ చేత్తో మొదలుపెట్టాలి. వేగం దానంతటదే తగ్గుతుంది, ఆ తడబాటు లాంటి నడక వస్తుంది. రెండో పాటకు స్నేర్, టామ్స్ మీద నూలు తువ్వాలు పరిచాం. చివరి ఏళ్లలో రింగో టీ టవళ్లు కప్పినట్టే. తువ్వాలు రెండు మడతలు దాటితే స్నేర్ చచ్చిపోతుంది.

బాస్‌కు మెకార్ట్నీ వాయించిన హాఫ్నర్ గిటారు దొరకదు. మామూలు బాస్‌కు ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా ఉండే) తీగలు వేసి, బ్రిడ్జి పక్కన తీగల కింద అంగుళం వెడల్పు స్పాంజి ముక్క దూర్చి, ప్లెక్ట్రమ్‌తో వాయించాలి. స్వరం ‘డుమ్’ అని మొదలై వెంటనే తగ్గాలి. మోగుతూ ఉంటే అది 1975 తర్వాతి బాస్.

పన్నెండు తీగల రికెన్‌బాకర్ శబ్దం లేకుండా మొదటి పాట లేదు, ఆ గిటారు మాత్రం మన బడ్జెట్‌లో లేదు. దీనికి రెండు ఆరు తీగల గిటార్లు చాలు. పన్నెండు తీగల సెట్టు ఒకటి కొంటే అందులోనే రెండు సెట్లున్నాయి. లావు తీగలు ఒక గిటారుకు. సన్నవి రెండో గిటారుకు, ఒకటో తీగ నుంచి ఆరో తీగ దాకా: 0.010, 0.014, 0.009, 0.012, 0.018, 0.027 అంగుళాలు. మూడు నుంచి ఆరు దాకా నాలుగు తీగలూ మామూలు కంటే ఒక అష్టమం పైన శ్రుతి చేయాలి. 0.009 తీగ మూడో స్థానంలో తెగుతుంటుంది. నట్ గాడిలో పెన్సిల్ గ్రాఫైట్ రుద్ది, నెమ్మదిగా బిగించాలి, రెండు అదనంగా దగ్గర పెట్టుకోవాలి.

రెండు గిటార్లతో ఒకే భాగం విడివిడిగా వాయించి, సన్న తీగల ట్రాకును 10 నుంచి 15 మిల్లీసెకన్లు వెనక్కి జరపాలి. కారణం ఉంది. మామూలు పన్నెండు తీగల గిటారులో చెయ్యి కిందికి వచ్చేటప్పుడు సన్న తీగ ముందు తగులుతుంది, రికెన్‌బాకర్‌లో లావు తీగ ముందు. ఆ వరస తప్పితే అది జానపద గిటారులా వినిపిస్తుంది. ఆంప్ మీద ట్రెబుల్ ముప్పావు, బాస్ పావు, గెయిన్ పగిలీ పగలనట్టు. మైకు స్పీకరు మధ్యకు కాకుండా అంచు వైపు. రెండింటినీ కలిపి ఒకే కంప్రెసర్‌లో నొక్కాలి. విడివిడిగా నొక్కితే రెండు గిటార్లుగానే ఉండిపోతాయి.

మిడిల్ ఎయిట్ కింద హార్మోనియం ఉంది. 1965 నాటి ‘వి కెన్ వర్క్ ఇట్ అవుట్’లో వినిపించేది కూడా హార్మోనియమే, కాలితో తొక్కే రకం. భజన మండలి హార్మోనియం ప్రామాణిక శ్రుతి 440 హెర్ట్జ్‌కు ఉండదు. మేము తెచ్చింది దాదాపు 20 సెంట్లు (అర మెట్టులో నూరో వంతు ఒక సెంటు) పైన ఉంది. హార్మోనియం రీడ్లు గీకవద్దు, గిటార్లనే దానికి శ్రుతి చేయాలి. అందుకే హార్మోనియం శ్రుతి కొలిచాకే మొదటి టేక్.

మే: గొంతులు, సంపు

పాడేవాళ్లలో ఒకరు భజనల నుంచి, ఒకరు చర్చి క్వయర్ నుంచి. క్వయర్ గొంతుకు నిలకడ స్వరం అలవాటే. భజన గొంతు ప్రతి స్వరాన్నీ కింది నుంచి అందుకుంటుంది, చివర ఊగుతుంది. విడిగా వింటే ఎంతో బాగుంటుంది, రెండో గొంతు కలవగానే శ్రుతి చెదిరినట్టుంటుంది. అద్దం ముందు నిలబడి ఒక్కో అచ్చును 8 బీట్లు కదలకుండా పట్టడం సాధన. ‘ఆ’ మీద నోరు ఎంత తెరవాలో ఇద్దరూ ముందే అనుకోవాలి. అచ్చు తేడా వస్తే శ్రుతి సరిగా ఉన్నా కలవదు.

ఇద్దరూ ఒకే మైకు ముందు, అడుగు దూరంలో. పై గొంతు ఎక్కువైతే అరడుగు వెనక్కి నిలబడాలి, తగ్గించడానికి విడి ఫేడర్ మీట లేదు. తర్వాత అదే భాగం మళ్లీ పాడి మీద వేయాలి. డబుల్ చేసేటప్పుడు తెలుగులో చెడేది ద్విత్వాల దగ్గర. ‘చెప్పు’లో ‘ప్ప’ మూసుకోవడం, విచ్చుకోవడం రెండు ట్రాకుల్లో 30 మిల్లీసెకన్లు తేడా వచ్చినా రెండుసార్లు తట్టినట్టు వినిపిస్తుంది. రెండోసారి పాడేటప్పుడు ద్విత్వాన్ని మెత్తగా, దాదాపు ‘చెహు’ అన్నట్టు వదలాలి. అచ్చులు రెట్టింపవుతాయి, హల్లు ఒక్కటే మిగులుతుంది. పదాంతం ‘వ్’ కూడా అంతే, ఒకరే మూయాలి.

ఇక ప్రతిధ్వని. అబ్బే రోడ్డులో దానికి ప్రత్యేకంగా గదులుండేవి. స్పీకరులో పాట వేసి, గదిలో తిరిగిన శబ్దాన్ని మైకుతో పట్టేవాళ్లు. మాకు ఇంటి సంపు ఉంది. పొడవు 8 అడుగులు, వెడల్పు 6, లోతు 6, నున్నటి సిమెంటు గోడలు. నీళ్లు తోడి ఆరబెట్టాక లోపల ఒక మూలకు తిప్పిన చిన్న స్పీకరు, ఎదుటి మూలన మామూలు డైనమిక్ మైకు. కండెన్సర్ మైకు ఆ తేమలో దించవద్దు. మూత తీసి కొన్ని గంటలు గాలి ఆడనిచ్చి, పైన ఒక మనిషి ఉన్నప్పుడే దిగాలి. మూసి ఉన్న సంపులో గాలి ప్రాణాంతకం కావచ్చు. లోపలికి 230 వోల్టుల వైరు దించకూడదు. బ్యాటరీ స్పీకరు, పొడుగు మైకు కేబుల్ చాలు.

సంపులోకి పంపేది గొంతు మాత్రమే. పంపే ముందు 600 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కోసేయాలి. కోయకపోతే ఇంత చిన్న గదిలో 70 హెర్ట్జ్ నుంచి మొదలయ్యే గుమగుమ మాటలన్నీ కమ్మేస్తుంది. తిరిగొచ్చిన శబ్దాన్ని 80 మిల్లీసెకన్లు వెనక్కి జరిపితే గొంతు ముందే ఉంటుంది, గది వెనక తెరుచుకుంటుంది.

జూన్: రెండో పాట

ఇక్కడ అసలు పనిముట్టు వేగం. 1966 నుంచి బీటిల్స్ టేపు వేగం మార్చి వాయిద్యాల రంగు మార్చారు. ‘రెయిన్’ తాళం భాగాన్ని వేగంగా వాయించి నెమ్మది చేశారు. లెక్క సులువు: అర మెట్టుకు 1.0595. 120 వేగంలో (నిమిషానికి 120 బీట్లు) వినిపించాలంటే 127.1లో, అర మెట్టు పైన వాయించి, వేగం, శ్రుతి రెండూ కలిపి దించాలి. సాఫ్ట్‌వేర్‌లో శ్రుతిని కాపాడే ఆప్షన్ ఆపేయాలి. అది ఆన్ ఉంటే వేగం మాత్రమే మారుతుంది, డ్రమ్స్ బరువెక్కవు.

మా రెండో పాట రెండు ముక్కలు. మొదటిది జిలో 92 వేగం, రెండోది ఎలో 103.3. వేర్వేరు శ్రుతి, వేగాలున్న రెండు టేకులను ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’లో సుమారు నిమిషం దగ్గర అతికారు. ఇక్కడా ఆ పద్ధతే. మొదటి ముక్కను అర మెట్టు పైకి, రెండోదాన్ని అర మెట్టు కిందికి తెస్తే రెండూ జి షార్ప్‌లో, 97.5 వేగంలో కలుస్తాయి. ఒక్కదాన్నే రెండు అర మెట్లు జరిపితే గొంతు కార్టూనులా అవుతుంది. చెరో అర మెట్టయితే రెండూ కాస్త కలలో విన్నట్టుంటాయి. అతుకు మాటలోని ‘స్’ అనే హల్లు మీద పడేటట్టు చూడాలి, అచ్చు మధ్యలో కోస్తే టిక్కుమంటుంది.

మెల్లోట్రాన్ అనే టేపు కీబోర్డుకు బదులు వేణువు. మెల్లోట్రాన్ మీట నొక్కితే నడిచేది నిజమైన వాయిద్యం రికార్డు చేసిన టేపు, సుమారు 8 సెకన్లే ఉంటుంది. వేణువు విద్వాంసుడితో అవసరమైన ఒక్కో స్వరాన్ని 8 సెకన్ల చొప్పున ఊదించి, శాంప్లర్‌లో మీటలకు కట్టాం. గమకం లేకుండా ఊదమంటే మొదట ఒప్పుకోరు. “అయ్యా, స్వరం చచ్చిపోతుంది” అంటారు. నిజమే, ఈ పాటకు కావలసింది కూడా ఆ నిర్జీవమైన తిన్నని ఊదే. 8 సెకన్ల చివర ఫేడ్ పెట్టవద్దు, టక్కున తెగనివ్వాలి.

తీగ వాయిద్యాలకు ఒక్క వయొలినే. చెల్లో లేదు. భాగాన్ని రెట్టింపు వేగంలో, ఒక అష్టమం పైన వాయించి సగం వేగానికి దించితే చెల్లోకు దగ్గరగా వస్తుంది. కమాను చిన్నగా, గట్టిగా కొట్టాలి. సాగదీస్తే దించాక మూలుగుతుంది.

ఏడీటీ, అంటే టేపుతో గొంతును రెట్టింపు చేయడం, 1966లో అబ్బే రోడ్డు ఇంజనీరు కెన్ టౌన్‌సెండ్ కనిపెట్టిన పద్ధతి. గొంతు కాపీని 25 నుంచి 40 మిల్లీసెకన్ల మధ్య చేత్తో నెమ్మదిగా అటూ ఇటూ జరుపుతూ ఉండాలి. స్థిరంగా వదిలేస్తే అది డబ్బాలో మాట.

జూలై: ఇత్తడి, మిక్సింగు

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, బ్యాండు మేళం వాళ్లు దొరుకుతారు. రెండు ట్రంపెట్లు, ఒక యుఫోనియం. ట్రంపెట్ బి ఫ్లాట్ వాయిద్యం, కాబట్టి మన ఎ కావాలంటే వాళ్లకు బి అని చెప్పాలి. బ్యాండు మాస్టర్‌కు కాగితం కంటే హార్మోనియం మీద వాయించి వినిపించడం మేలు, రెండోసారికే పట్టేస్తారు. ఊరేగింపులో వాయించే గాలి గదిలో చాలా ఎక్కువ. మైకు నుంచి ఏడడుగుల దూరం, వాయిద్యం వెడల్పాటి నోరు గోడ వైపు. ఉక్కపోతలో ఇత్తడి శ్రుతి పైకి పోతుంది, గిటార్ తీగలు కిందికి దిగుతాయి. ప్రతి టేక్ ముందు ట్యూనింగ్ స్లయిడ్ చూసుకోవాలి.

మిక్స్ మోనోలో (ఎడమ, కుడి తేడా లేకుండా), ఒకే చిన్న స్పీకరు మీద. బీటిల్స్ 1968 దాకా శ్రద్ధ పెట్టింది మోనో మీదే. మోనోలో గిటారు, గొంతు ఒకే చోట కూర్చుంటాయి కాబట్టి ఏది ఎక్కడ ఆగాలో అరేంజ్‌మెంట్‌లోనే తేల్చుకోవాలి. మొదటి పాటలో ‘నువ్వొస్తవా’ మీద గిటారు రెండు బీట్లు ఆపేశాం, గొంతు దానంతటదే ముందుకొచ్చింది. ట్రాకులు దించిన ప్రతిసారీ 10 కిలోహెర్ట్జ్ పైన 1 డెసిబెల్ తగ్గిస్తున్నాం, టేపు తరం మారినట్టు. మూడుసార్లు దాటితే తాంబోరిన్ చస్తుంది కాబట్టి దాన్ని ఆఖరి దింపులోనే కలపాలి.

మొదటి పాట 2 నిమిషాల 21 సెకన్లకు ముగిసింది, మాస్టర్ తయారు. స్ట్రీమింగ్ కోసం శబ్దాన్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే గట్టిదనానికి కొలత) దగ్గర ఆపాం. అంతకంటే పెంచితే డ్రమ్స్ మీద మొదట వేసిన నొక్కుడు, ఈ నొక్కుడు ఒకదానితో ఒకటి కొట్టుకుని హై-హ్యాట్ గొంతు మీదికి వస్తుంది. రెండో పాటలో యుఫోనియం భాగం చివరి నాలుగు బార్లు, ఆ తర్వాత ఆఖరి దింపు మిగిలాయి.